పాత వెర్షన్ పాఠాలతో కొత్త బ్లెండర్ నేర్చుకున్న నా అనుభవం

చీమకుర్తి దగ్గర ఒక గ్రానైట్ యార్డులో నేను లెక్కలు రాస్తాను. మా ఇల్లు ఒంగోలులో. పొద్దున బస్సులో వెళ్లి సాయంత్రం తిరిగి వస్తాను. 2024 జూన్ నుంచి 2025 మార్చి వరకు, ఉద్యోగం మానకుండా, రాత్రిపూట కూర్చుని బ్లెండర్ అనే త్రీడీ డిజైన్ సాఫ్ట్‌వేర్‌ను మా యార్డు పనికి సరిపడేంత నేర్చుకున్నాను. నాకు అర్థమయ్యేలా దొరికిన పాఠాలన్నీ నా కంప్యూటర్‌లో ఉన్న వెర్షన్ కంటే పాతవాటి మీద చేసినవి. ఆ తేడా వల్ల ఎక్కడ ఎంత కాలం పట్టిందో, ఎంత ఖర్చయిందో, ఏది ఎలా దారికి వచ్చిందో జరిగిన వరుసలోనే రాస్తున్నాను. తెలుగులో పాఠం వెతుక్కుని ఇదే పనికి దిగేవారికి ఇది ముందుగా తెలిసి ఉంటే మంచిదని నా కోరిక.

అసలు ఈ పని ఎందుకు నెత్తికెత్తుకున్నానంటే, యార్డుకు వచ్చేవారు స్లాబు ముందు నిలబడి అడిగే మొదటి ప్రశ్న ధర కాదు. "ఇది మా వంటగట్టుకు వేస్తే ఎట్టా ఉంటది?" అని అడుగుతారు. ఎండలో నిలబెట్టిన తొమ్మిదడుగుల రాయిని చూసి ఇంట్లో దీపాల వెలుగులో అది ఎలా కనిపిస్తుందో ఊహించుకోవడం ఎవరికైనా కష్టమే. అందుకని మా యజమాని విజయవాడలో ఒక స్టూడియోకు కొలతలు పంపి బొమ్మలు చేయించేవారు. ఒక్కో బొమ్మకు 2,500 రూపాయలు, మూడు నాలుగు రోజుల నిరీక్షణ. రాయి రంగు మార్చి చూపమంటే మళ్లీ 800. ఆ బొమ్మ వచ్చేలోగా కొనేవారు మరో యార్డులో రాయి తీసుకుని వెళ్లిపోయిన సందర్భాలు నా కళ్లతో చూశాను. ఒక సాయంత్రం బిల్లులు సర్దుతుండగా, "అమ్మాయ్, కంప్యూటరు ముందే కూర్చుంటావు గదా, ఇదేందో నువ్వే నేర్చుకోరాదా" అన్నారాయన. బ్లెండర్‌ను ఎంచుకోవడానికి కారణం ఒకటే: అది పూర్తిగా ఉచితం. ఏటా చందా కట్టే సాఫ్ట్‌వేర్ కొనమని ఆయనను అడగడానికి నాకు నోరు రాలేదు, ఫలితం వస్తుందో రాదో తెలియని పనికి ఆయన డబ్బు పెట్టించడం నాకు న్యాయంగానూ తోచలేదు.

జూన్ రెండో వారంలో ఒక శిక్షణ కేంద్రానికి వెళ్లి అడిగాను. మూడు నెలల కోర్సు, ఫీజు 14,000 రూపాయలు. వాళ్లు చేతికిచ్చిన పాఠ్యప్రణాళిక మీద 2.79 అని వెర్షన్ సంఖ్య ఉంది. 2.79 వచ్చింది 2017 సెప్టెంబరులో. ఇప్పుడు నడుస్తున్న వెర్షన్ నేర్పుతారా అని అడిగితే, "అన్నీ ఒకటేనమ్మా, అది వస్తే ఇదీ వస్తుంది" అన్నారు. ఆ మాటలో సగం నిజం ఉందని ఇప్పుడు ఒప్పుకుంటాను, కానీ మిగతా సగానికి 14,000 చెల్లించనందుకు నాకు ఏ విచారమూ లేదు. ఇంటికి వచ్చి తెలుగు వీడియో పాఠాల కోసం వెతికితే ఒక వరుస దొరికింది. అది కూడా 2018లో, 2.79 మీదే చేసినది. అయినా ఆ మాస్టారు చెప్పే తీరు నన్ను కట్టిపడేసింది. ఒక గీత ఎందుకు గీస్తున్నాడో చెప్పి, ఆ తర్వాతే గీసేవాడు. కొత్త వెర్షన్ల మీద ఇంగ్లీషులో ఎన్నో పాఠాలు ఉన్నాయి గానీ, వాటిలో మాట పరుగెత్తుతుంది, చేయి అంతకంటే వేగంగా పరుగెత్తుతుంది. నాకు మాట అర్థమయ్యేలోపు తెర మారిపోయేది. మనకు అర్థమయ్యే భాషలో ఉన్నది పాతది, కొత్తది ఉన్నది మనం అందుకోలేని వేగంలో. మన ప్రాంతంలో సొంతంగా నేర్చుకునేవారికి ఎదురయ్యే అసలు చిక్కు ఇదేనని నేననుకుంటాను.

మా ఇంట్లో ఉన్న డెస్క్‌టాప్ తమ్ముడి ఇంటర్ రోజుల్లో కొన్నది. ప్రాసెసర్ మూడో తరం ఇంటెల్, గ్రాఫిక్స్ కార్డు విడిగా లేదు. 2024 జులై 16న బ్లెండర్ 4.2 విడుదలైంది. దీర్ఘకాల మద్దతు ఉండే వెర్షన్ కాబట్టి అదే మంచిదని ఆ నెలాఖరున ఫోన్ హాట్‌స్పాట్‌తో దించుకున్నాను. తెరవగానే, ఓపెన్‌జీఎల్ (తెర మీద బొమ్మ గీయడానికి సాఫ్ట్‌వేర్ గ్రాఫిక్స్‌తో మాట్లాడే పద్ధతి) 4.3కు మద్దతిచ్చే గ్రాఫిక్స్ కావాలన్న సందేశం వచ్చి అక్కడితో ఆగిపోయింది. ప్రాసెసర్‌లోనే కలిసి ఉన్న ఆ పాత గ్రాఫిక్స్‌కు అంత శక్తి లేదు. ఇక్కడ ఒక మంచి సంగతి తెలిసింది. బ్లెండర్ వారి డౌన్‌లోడ్ చోట పాత వెర్షన్లన్నీ భద్రంగా ఉన్నాయి. జిప్ ఫైలు దించుకుని విప్పితే చాలు, ఇన్‌స్టాల్ కూడా అక్కర్లేదు. ఒకే కంప్యూటర్‌లో ఎన్ని వెర్షన్లయినా పక్కపక్కనే ఉంచుకోవచ్చు. 2.79కి ఓపెన్‌జీఎల్ 2.1 చాలు కనుక అది మా పాత యంత్రం మీద హాయిగా తెరుచుకుంది.

ఆ ఆగస్టు నెల నాకు నిజంగా సంతోషంగా గడిచింది. పాఠంలో తెర, నా తెర అచ్చం ఒకేలా ఉండేవి. మాస్టారు కుడి క్లిక్‌తో వస్తువును ఎంచుకుంటే నేనూ కుడి క్లిక్‌తో ఎంచుకున్నాను. స్పేస్‌బార్ నొక్కి వెతికితే నేనూ అలాగే వెతికాను. ఆకారాన్ని లాగడం, కోయడం, అంచు చెక్కడం, కెమెరా నిలపడం, ఈ పునాదులన్నీ అప్పుడే పడ్డాయి. ఎవరైనా నన్ను అడిగితే, పాఠం ఏ వెర్షన్‌దైతే మొదటి నెల ఆ వెర్షన్‌లోనే నేర్చుకోమని చెబుతాను. రెండు కొత్తలను ఒకేసారి మోయడం కంటే అది ఎంతో మేలు.

అయితే అక్కడే ఉండిపోవడానికి వీలు లేకపోయింది. మొదటిది, ఆ డెస్క్‌టాప్ మీద ఒక వంటగది బొమ్మ తుది రూపానికి రావడానికి, అంటే రెండర్ కావడానికి, రాత్రంతా పట్టేది. నడుమ కరెంటు పోతే తెల్లవారి మళ్లీ మొదటి నుంచే. రెండోది, ఆగస్టు చివర నెల్లూరు నుంచి ఒక ఇంటీరియర్ డిజైనర్ తన ఇంటి నమూనా ఫైలు పంపి, అందులో మా రాయి వేసి చూపమన్నారు. అది 4.1లో చేసినది. 2.79లో తెరుచుకోనే లేదు. పాత ఫైలును కొత్త బ్లెండర్ చాలావరకు చదువుతుంది గానీ, కొత్త ఫైలును అంత పాత బ్లెండర్ చదవలేదు. పని ఇచ్చేవారంతా కొత్త వెర్షన్‌లో ఉంటే నేనొక్కదాన్ని పాతదాంట్లో ఉండి ప్రయోజనం లేదు.

సెప్టెంబరులో సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ కొన్నాను. నాలుగు జీబీ ఎన్‌విడియా జీటీఎక్స్ 1650 కార్డు ఉన్నది, 34,000 రూపాయలు. అందులో 20,000 నాన్న చీటీ పాట డబ్బు. "నీకు వస్తదని నమ్మకం ఉంటే తీసుకో" అన్నాడు తప్ప మరో మాట అనలేదు. ఆ నమ్మకం నాకు ఎంత ఉందో నాకే తెలియదు కాబట్టి ఆ మాట చాలా రోజులు బరువుగా ఉంది. నచ్చినది దొరికి, బ్యాటరీ మార్పించి చేతికి వచ్చేసరికి రెండు వారాలు దాటింది. బ్యాటరీకి మరో 2,800. ఇంకో చిన్న విషయం: కార్డు ఉన్నంత మాత్రాన బ్లెండర్ దాన్ని వాడదు. ప్రిఫరెన్సెస్‌లో సిస్టమ్ అనే విభాగంలో ఆ కార్డును టిక్ పెట్టి, ఆ తర్వాత రెండర్ సెట్టింగుల్లో డివైస్ అన్నచోట జీపీయూ అని మార్చాలి. ఈ రెండూ చేశాక, రాత్రంతా పట్టిన వంటగది పావుగంటలోపే వచ్చింది. నాన్నను నిద్ర లేపి చూపించాను.

అక్టోబరు మొదట్లో 4.2లో అసలు చదువు మొదలైంది. తొలిసారి తెరిచినప్పుడు, ఎడమ క్లిక్‌తో ఎంచుకుంటారా కుడి క్లిక్‌తోనా, స్పేస్‌బార్ దేనికి వాడతారు అని అదే అడుగుతుంది. కీలన్నీ 2.7 కాలం నాటి అలవాటులోకి మార్చే అమరిక కూడా అందులో ఉంది. నేను బాగా ఆలోచించి కొత్త అలవాటునే ఎంచుకున్నాను, ఎందుకంటే ఇకపై ఎవరిని సాయం అడిగినా వాళ్లు చెప్పేది కొత్త కీలతోనే. దానికి చెల్లించిన మూల్యం దాదాపు రెండు వారాల తడబాటు. వేళ్లకు ఆగస్టు అలవాటు పడిపోయింది. వెతుకుదామని స్పేస్‌బార్ నొక్కితే యానిమేషన్ నడవడం మొదలయ్యేది. వెతుకులాట ఎఫ్3కి మారింది. ఎడమ పక్కన మాటలతో నిండి ఉండే పట్టీ పోయి బొమ్మలతో కూడిన పనిముట్ల వరుస వచ్చింది. ఫైల్ మెనూలో ఉండే యూజర్ ప్రిఫరెన్సెస్ ఎడిట్ మెనూలోకి వెళ్లింది. ల్యాంప్ అన్నది లైట్ అయింది. వస్తువులను గుంపులుగా పెట్టుకునే ఇరవై గడుల లేయర్లు పోయి కలెక్షన్లు వచ్చాయి, అయినా వస్తువును అందులోకి పంపే ఎమ్ కీ మాత్రం అదే. ఈ మార్పుల్లో ఎక్కువ భాగం 2019 జులైలో వచ్చిన 2.80తోనే జరిగాయి.

ఇలా జాగా మారినవీ పేరు మారినవీ నిజానికి పెద్ద బాధ కాదు. కళ్లకు కనిపిస్తాయి, ఒకసారి రాసుకుంటే సరిపోతుంది. నన్ను వారాల తరబడి నిలబెట్టినవి వేరే రకం. మాస్టారు నొక్కమన్న బటన్ ఉన్నచోట ఏమీ ఉండదు, ఎక్కడికి వెళ్లిందో జాడ ఉండదు, ఎందుకంటే అది ఎక్కడికీ వెళ్లలేదు, ఆ పని చేసే పద్ధతే మారిపోయింది. అంతకంటే కష్టమైనవి, అంతా అలాగే ఉండి ఫలితం మాత్రం వేరుగా వచ్చేవి. అలాంటి రాత్రుల్లో వీడియోను వెనక్కి తిప్పి, మళ్లీ తిప్పి, నాకు అర్థం కావడం లేదేమో, నా వయసుకు ఇది రాదేమో అనుకుంటూ కూర్చునేదాన్ని. తమ్ముడు గదిలోకి తొంగిచూసి "ఏంది అక్కా, ఇంకా ఆ నిమిషం దగ్గరే ఉండావా" అంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. పాఠం సరైనదే, నేను చేసినదీ సరైనదే, నడుమ ఆరేళ్ల కాలం ఉందన్న సంగతి ఆ క్షణంలో ఎవరికీ స్ఫురించదు.

వంటగట్టు అంచు దగ్గర మొదటి పెద్ద ఆటంకం వచ్చింది. గట్టు ముందు అంచుకు మేము హాఫ్ రౌండ్ మోల్డింగ్ కొడతాం. 18 మిల్లీమీటర్ల మందమున్న రాయి అంచు గుండ్రంగా తిరగాలి, పైభాగం మాత్రం అద్దంలా చదునుగా ఉండాలి. పాఠంలో మాస్టారు వస్తువును నునుపు చేసి, ఆ తర్వాత కుడి పక్క పట్టీలో ఆటో స్మూత్ అనే గడిలో టిక్ పెట్టి 30 డిగ్రీలు వేశారు. అంచు గుండ్రంగా, పైభాగం చదునుగా వచ్చేసింది. నా తెర మీద ఆ గడి లేదు. టిక్ లేకుండా నునుపు చేస్తే చదునైన పైభాగం మీద మబ్బు నీడల్లాంటి మచ్చలు వస్తున్నాయి. మా గెలాక్సీ అనే నల్ల గ్రానైట్ రాయి మీద అలాంటి నీడ కనిపిస్తే పాలిష్ సరిగా లేదనుకుంటారు, కొనేవారికి ఆ బొమ్మ చూపలేం. దీని మీద దాదాపు పది రాత్రులు పోయాయి. చివరకు తెలిసిందేమిటంటే, 2024 మార్చిలో వచ్చిన 4.1లో ఆ గడిని తీసేశారు. ఇప్పుడు వస్తువు మీద కుడి క్లిక్ చేసి షేడ్ ఆటో స్మూత్ అంటే, మాడిఫయర్ల (అసలు ఆకారాన్ని చెరపకుండా దాని మీద పని చేసే అమరికల) వరుసలో స్మూత్ బై యాంగిల్ అని ఒకటి వచ్చి చేరుతుంది. కోణం అక్కడ వేయాలి. రెండు క్లిక్కుల పని. కానీ అది మాడిఫయర్‌గా మారిందని తెలియనంతకాలం ఎన్ని పట్టీలు వెతికినా దొరకదు.

ఆ రాత్రే నా పద్ధతి మార్చుకున్నాను. అప్పటిదాకా పాఠంలో "ఏది నొక్కారు" అని రాసుకునేదాన్ని. ఆ తర్వాత "ఏ పని కోసం నొక్కారు" అని రాసుకోవడం మొదలుపెట్టాను. ఆటో స్మూత్ అని కాకుండా, ఇంతకంటే తక్కువ కోణమున్న మడతలు నునుపు, ఎక్కువ కోణమున్నవి పదును అని రాసుకుంటే, దాన్నే కొత్త వెర్షన్‌లో వెతకడం సులువయింది. మా మాస్టారు పాఠాలు అప్పుడు నాకు రెట్టింపు విలువైనవిగా కనిపించాయి, ఎందుకంటే ఎందుకు అన్న సంగతి ఆయన ప్రతిచోటా చెప్పి ఉన్నారు.

రెండో ఆటంకం అల్మారాలు. వంటగదిలో గట్టు కింద పెట్టెలు ఒక్కొక్కటిగా కట్టుకోకుండా, ఆర్కిమెష్ అనే యాడ్-ఆన్‌తో (బ్లెండర్‌కు జోడించుకునే అదనపు పనిముట్టుతో) కొలతలిచ్చి వరుసగా దించడం ఒక పాఠంలో ఉంది. పాత వెర్షన్లలో అది బ్లెండర్‌తోనే వచ్చేది, టిక్ పెడితే చాలు. 4.2 నుంచి అలాంటి యాడ్-ఆన్లు చాలావాటిని విడిగా ఎక్స్‌టెన్షన్స్ అనే చోటుకు పంపారు. ప్రిఫరెన్సెస్‌లో ఇంటర్నెట్ వాడుకోవడానికి ముందు అనుమతి ఇస్తే తప్ప ఆ జాబితా కనిపించదు. ఇది ఒక గంటలో తేలిపోయింది, అప్పటికి నాకు వెతికే దారి తెలుసు కాబట్టి.

అసలు పరీక్ష గెలాక్సీ రాయి. మా చీమకుర్తి బ్లాక్ గెలాక్సీని చూసినవారికి తెలుసు: అది ఉత్త నలుపు కాదు, లోపల బ్రాంజైట్ రేణువులు బంగారు చుక్కల్లా మెరుస్తాయి. ఆ మెరుపు ఒక చోట స్థిరంగా ఉండదు. తల కాస్త పక్కకు తిప్పితే ఇందాక వెలిగిన చుక్క ఆరిపోయి పక్కది వెలుగుతుంది. స్లాబు ఫోటో తీసి గట్టు మీద అతికిస్తే చుక్కలు ఉంటాయి గానీ ఆ కదలిక ఉండదు, రాయి ప్లాస్టిక్ కాగితంలా కనిపిస్తుంది. అందుకని నోడ్లతో, అంటే ఒక్కో చిన్న పని చేసే పెట్టెలను తీగలతో కలుపుకుంటూ, రాయినే తయారు చేయాలనుకున్నాను. తెలుగులో దీనికి పాఠం లేదు. ఇంగ్లీషులో, 3 వరుస వెర్షన్‌లో చేసిన గ్రానైట్ పాఠం ఒకటి దొరికింది. దాన్ని సగం వేగంతో పెట్టుకుని విన్నాను.

పాఠంలో రెండో నిమిషానికే రాతి మచ్చల్లాంటి నమూనా పుట్టించే మస్‌గ్రేవ్ టెక్స్చర్ అనే నోడ్ దించారు. నా దగ్గర ఆ పేరుతో వెతికితే ఏమీ రాలేదు. 4.1లో దాన్ని తీసి నాయిస్ టెక్స్చర్‌లో కలిపేశారు. నాయిస్ నోడ్‌లో రకం ఎంచుకునే చోట పాత మస్‌గ్రేవ్ రకాలన్నీ ఉన్నాయి, కానీ అంకెలు అవే వేస్తే అదే రాయి రాదు. పాతదాంట్లో డైమెన్షన్ అని ఉండేది, ఇప్పుడు రఫ్‌నెస్ అని ఉంది. లాక్యునారిటీ అంకెకు డైమెన్షన్‌ను ఘాతంగా వేసి (డైమెన్షన్ 3 అయితే ఆ అంకెను మూడుసార్లు రాసి గుణించి), ఒకటిని దానితో భాగిస్తే రఫ్‌నెస్ వస్తుంది. పాఠంలో లాక్యునారిటీ 2, డైమెన్షన్ 2 ఉంటే ఇక్కడ రఫ్‌నెస్ 0.25. డీటెయిల్ అంకెలో ఒకటి తగ్గించాలి, పాఠంలో 8 ఉంటే ఇక్కడ 7. నార్మలైజ్ అనే టిక్ తీసేయాలి. లెక్కలు రాసే పని చేసేదాన్ని కాబట్టి ఈ సూత్రం కనబడినప్పుడు నాకు చెప్పలేనంత ఊరట కలిగింది. ఏదో మాయమైపోయిందనుకున్నది కాస్తా లెక్కగా మారింది.

ఈ అంకెలు సరైనవో కావో పరీక్షించుకోవడానికి అనుకోకుండా ఒక ఉపాయం దొరికింది. ఆ పాఠంతో పాటు అభ్యాసం ఫైలు కూడా ఇచ్చారు. దాన్ని 4.2లో తెరిస్తే, తెరిచేటప్పుడే బ్లెండర్ తనంతట తానే మస్‌గ్రేవ్ నోడ్లను నాయిస్ నోడ్లుగా మార్చి, కొత్త అంకెలు వేసి ఉంచింది. అంటే పాత పాఠానికి కొత్త అనువాదం ఆ ఫైలులోనే ఉంది. పాఠంతో పాటు ఫైలు ఇస్తే దాన్ని తప్పకుండా దించుకోండి. వీడియో చెప్పలేని సంగతి ఆ ఫైలు చెబుతుంది. ఎందుకనో ఈ విషయం నాకు ఎవరూ చెప్పలేదు.

చుక్కల కోసం వొరొనాయ్ నోడ్ వాడాను. గడులు గడులుగా విడిపోయే ఆ నమూనాలో ప్రతి గడికీ ఒక యాదృచ్ఛిక రంగు వస్తుంది. ఆ రంగును కలర్ ర్యాంప్‌తో వడకట్టి, చివరి కొద్ది గడులను మాత్రమే లోహంగా, బంగారు రంగులో ఉంచాను. ప్రతి చుక్క ముఖం ఒక్కో వైపు వాలి ఉండేలా అదే రంగును ఉపరితలం దిశకు కలిపాను. కెమెరాను మెల్లగా పక్కకు జరిపినప్పుడు ఒక చుక్క ఆరి, దాని పక్కది వెలిగింది. అది నవంబరు చివరి వారం. పైన పాలిష్ కోసం పాఠంలో క్లియర్‌కోట్ అన్నది 4.0 నుంచి కోట్ అనే విభాగంలో ఉంది, మిక్స్ ఆర్‌జీబీ అన్నది మిక్స్ కలర్ అయింది. అవి అప్పటికి నన్ను ఆపలేదు. మరునాడు ఆ బొమ్మను ఫోన్‌లో మా పాలిషింగ్ మేస్త్రీకి చూపించాను. ఆయన ఇరవై ఏళ్లకు పైగా ఆ రాయి మీద చేయి వేసి పని చేసిన మనిషి. కాసేపు చూసి, "చుక్క కొంచెం పెద్దదైంది, మన క్వారీ రాయికి ఇంకా సన్నం" అన్నారు. ఇది రాయి కాదని ఆయన అనలేదు. స్కేలు పెంచి చుక్క సన్నం చేశాను.

డిసెంబరు మొత్తం రంగుల మీద గడిచింది. ఎర్ర గ్రానైటు ఒకటి చేస్తే పాఠంలో ఉన్నంత ఎరుపు రావడం లేదు. వెలుగు పెంచేకొద్దీ వెలవెలబోతోంది. అంకెలన్నీ అవే. కారణం ఏమిటంటే, 4.0 నుంచి తుది బొమ్మ రంగులను తెరకు మార్చే పద్ధతి ఫిల్మిక్ బదులు ఏజీఎక్స్ అయింది. సినిమా దృశ్యానికి అది అందంగా ఉంటుంది. కానీ మా వ్యాపారంలో రంగు అంటే మాట ఇవ్వడం. బొమ్మలో ఒక ఎరుపు చూపి లారీలో మరో ఎరుపు దించితే గొడవ మాకే. అందుకని స్లాబు ఫోటోను పక్కన పెట్టుకుని, రెండర్ సెట్టింగుల్లో కలర్ మేనేజ్‌మెంట్ కింద వ్యూ ట్రాన్స్‌ఫామ్‌ను స్టాండర్డ్‌కు మార్చి, కిటికీ దగ్గర వెలుగు మండిపోకుండా దీపాలను తగ్గించుకుంటూ సరిపోల్చాను. ఏ అమరిక గొప్పదో నేను చెప్పను గానీ, రాయి అమ్మేవారికి మాత్రం ఇదే సరైనదని నా అభిప్రాయం.

పూజగది బొమ్మలో దీపం చుట్టూ కాంతి వలయం కోసం పాఠంలో ఈవీ అనే వేగంగా బొమ్మ తీసే రెండరర్‌లో బ్లూమ్ అనే టిక్ పెట్టారు. 4.2లో ఈవీని కొత్తగా రాసినప్పుడు ఆ టిక్ పోయింది; ఇప్పుడు కంపోజిటర్‌లో (రెండరైన బొమ్మకు మెరుగులు దిద్దే చోట) గ్లేర్ నోడ్ పెట్టి బ్లూమ్ ఎంచుకోవాలి. నేల మీద ప్రతిబింబాల కోసం స్క్రీన్ స్పేస్ రిఫ్లెక్షన్స్ బదులు రేట్రేసింగ్ అని ఉంటుంది. ఇవి ఒక్క సాయంత్రంలో అయిపోయాయి.

ఇవన్నీ నాకు ఎక్కడ తెలిశాయంటే, ప్రతి వెర్షన్‌తో పాటు బ్లెండర్ వారు ప్రచురించే రిలీజ్ నోట్స్‌లో. ఇంగ్లీషులోనే ఉంటాయి, కానీ వీడియోలా పరుగెత్తవు; నిఘంటువు పక్కన పెట్టుకుని నిదానంగా చదువుకోవచ్చు. కష్టమైన వాక్యాలు ఇంజినీరింగ్ చదువుతున్న తమ్ముడు విడమరిచి చెప్పేవాడు. పాఠం మొదలుపెట్టే ముందు అది ఏ వెర్షన్‌దో చూడడం (2.80 తర్వాతి వాటిలో తరచుగా తెర కింద కుడి మూల ఆ సంఖ్య కనిపిస్తుంది), ఆ వెర్షన్ నుంచి నా వెర్షన్ వరకు నోట్స్‌లో ఆ అంశం కింద ఏముందో చదవడం, ఆ తర్వాతే వీడియో నడపడం అలవాటు చేసుకున్నాను. ఇరవై నిమిషాల పాఠానికి రెండు గంటలు పట్టేది. పొడవాటి లెక్కల పుస్తకంలో ఎడమ పేజీ పాత పేరు, కుడి పేజీ కొత్త చోటు, పక్కన ఏ వెర్షన్‌లో మారిందో రాశాను. ఆ పుస్తకం ఇప్పుడు సగానికి పైగా నిండింది.

తెలుగు మాస్టారికి నవంబరులో ఒక సందేశం పంపాను, కొత్త వెర్షన్‌లో పాఠాలు చేస్తారా అని. మూడు వారాల తర్వాత జవాబు వచ్చింది. ఆయన ఇప్పుడు వేరే ఉద్యోగంలో ఉన్నారు, బ్లెండర్ తెరిచి చాలా కాలమైంది, పాఠాలు మళ్లీ చేసే తీరిక లేదు. పాత పాఠాలు చూసి ఇప్పటికీ ఎవరో నేర్చుకుంటున్నారని తెలిసి సంతోషంగా ఉందని రాశారు. డబ్బు ఆశించకుండా అన్ని పాఠాలు చేసి పెట్టిన మనిషిని పాతవయ్యాయని నిందించడం ధర్మం కాదు. నాకు ఆయన మీద కృతజ్ఞత తప్ప మరేమీ లేదు.

2025 జనవరిలో సంక్రాంతి అయిపోయాక, కావలి నుంచి ఒక కుటుంబం గృహప్రవేశానికి ముందు వంటగట్టు రాయి చూడటానికి వచ్చింది. కొలతలు తీసుకుని, వాళ్లు టీ తాగి యార్డంతా తిరిగి వచ్చేలోగా రెండు రాళ్లతో రెండు బొమ్మలు చూపాను. గెలాక్సీ బొమ్మ చూసి ఆ ఇంటి పెద్దావిడ, "సాయంత్రం పూట లైటు వేస్తే ఇట్నే మెరుస్తదా అమ్మా?" అని అడిగారు. మెరుస్తుందని ధైర్యంగా చెప్పగలిగాను, ఎందుకంటే ఆ మెరుపు ఎలా వస్తుందో నాకు తెలుసు. ఆ రోజే అడ్వాన్సు ఇచ్చి వెళ్లారు. ఫిబ్రవరి నుంచి విజయవాడకు కొలతలు పంపడం మానేశాం. యజమాని నాకు జీతం కాకుండా బొమ్మకు 1,000 రూపాయల చొప్పున ఇస్తున్నారు. నాన్న చీటీ డబ్బులో సగం మార్చి నాటికి తిరిగి ఇచ్చాను.

ఖర్చు లెక్క చెప్పాలంటే, లాప్‌టాప్, బ్యాటరీ, మంచి మౌస్, కరెంటు పోయినా రెండర్ ఆగకుండా చిన్న యూపీఎస్, అదనపు మొబైల్ డేటా కలిపి 43,000 రూపాయల వరకు అయింది. సాఫ్ట్‌వేర్‌కు పైసా కాలేదు. మార్చి 2025లో 4.4 వచ్చింది, దాన్ని వేరే ఫోల్డర్‌లో విప్పి ఉంచాను గానీ యార్డు ఫైళ్లు అందులో తెరవడం లేదు. 4.2కు రెండేళ్ల మద్దతు, అంటే 2026 జులై వరకు ఉంటుంది కాబట్టి అప్పటిదాకా పని దీనిలోనే. ఈ వేసవిలో మెట్లు నేర్చుకోవాలి; గ్రానైట్ మెట్లకు అడుగు, నిలువు, అంచు మోల్డింగ్ అన్నీ కలిసి రావాలి. దానికి నాకు నచ్చిన పాఠం 2.79దే. ఆ పాఠానికి పుస్తకంలో ఎడమ పేజీ రాయడం నిన్న మొదలుపెట్టాను.